ఆరో మేక

నేను జనగామలో ఉంటాను. ఉద్యోగం మహబూబాబాద్‌లో, ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టుగా. పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కడం, సాయంత్రం అదే దారిన తిరిగి రావడం. ఏళ్ళ తరబడి ఒకే పెట్టెలో ఎక్కడం వల్ల మాకో జట్టు కుదిరింది. అందులో పెద్ద తెలుగు సారు. మానుకోట దగ్గర, అంటే మహబూబాబాద్ దగ్గరే, ఒక బడిలో పాఠాలు చెప్పేవారు. అప్పటికి రిటైర్మెంటు దగ్గర పడింది. రెండోది నర్సక్క. రఘునాథపల్లిలో ఎక్కేది. మానుకోట దవాఖానలో కాన్పుల వార్డు ఆమెది. మూడోవాడు మానుకోట స్టేషన్ బయట ఫోన్లు బాగుచేసే దుకాణం నడిపే అబ్బాయి. అందరికంటే చిన్నవాడు కనుక అందరికీ తమ్ముడే.

రోజూ కలిసేవాళ్ళకు మాటలు త్వరగా అయిపోతాయి. ఎండలు, కూరగాయల ధరలు, నర్సక్క ఆడబిడ్డ సంగతులు అన్నీ అయిపోయి ఇక కిటికీలోంచి చూడడమే మిగిలిన రోజుల్లో ఆ పాట వచ్చింది.

అది సినిమా పాట కాదు. భూపాలపల్లికి చెందిన ఒక అమ్మాయి పాడి యూట్యూబ్‌లో పెట్టిన జానపదం. నెల తిరిగేసరికి ఏ పెళ్ళి బరాత్‌లో చూసినా అదే. డీజే వాళ్ళు దానికి ఇంకా నాలుగు దరువులు కలిపి ఇంటి అద్దాలు అదిరేలా మోగించారు. పాట మొదట్లో ఒక పిల్లగాడు "నిన్న సంతల నిన్ను సూస్తి, నిదుర పట్టకపాయెనే" అంటాడు. ఆ తర్వాత అందరి నోటా ఆడిన పల్లవి వస్తుంది.

"ఆరు మేకల తోలుకోని అడివికి పోతివె పిల్లా,
పొద్దుగూకి ఇంటికొస్తె అయిదే ఉన్నవి ఎట్లనే,
ఆరో మేక యాడ పాయె, అడిగితె నవ్వుతవేందే."

అంతే. ఆ పిల్ల నవ్వుతుంది, దరువు మారుతుంది, మూడు చరణాలు తిరిగి పాట అయిపోతుంది. ఆ మేక ఏమైందో పాటలో ఎక్కడా లేదు. ఎగిరేవాళ్ళెవరూ దాని గురించి ఆలోచించినట్టు లేదు. మేమూ ఆలోచించలేదు, సారు కళ్ళజోడు తీసిన రోజు దాకా.

తమ్ముడి ఫోన్‌లో ఆ పాట మోగినప్పుడల్లా సారు మొహం పక్కకు తిప్పుకునేవారు. ఒకరోజు ఘన్‌పూర్ దాటాక కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "అయితే, ఆరో మేక ఏమైనట్టు?" అని అడిగారు.

"ఏమో సార్, పాటనే కద" అన్నాడు తమ్ముడు.

"పాటనే కద అంటే ఎట్లా? ఆరు అన్నడు. ఊరికే అన్నడా? కామం, క్రోధం, లోభం, మోహం, మదం, మాత్సర్యం. ఆరు శత్రువులు. ఆ పిల్ల జీవుడు. అడవి సంసారం. పొద్దుగూకుడు అంటే ముసలితనం. అప్పటికి ఒక్క శత్రువును జయించింది. అందుకే నవ్వుతున్నది."

నిజం చెప్పాలంటే నాకు ఒళ్ళు జలదరించింది. నర్సక్క మాత్రం పల్లీలు ఒలుచుకుంటూ, "గా పోయింది ఏది సార్, ఆరుట్ల?" అంది.

"కామం."

"కామం పోయిన పాటకు పోరగాండ్లు గట్ల ఎందుకు ఎగురుతున్నరు?"

అక్కడ మొదలైంది. మర్నాటికి ఎవరి సిద్ధాంతం వాళ్ళు తయారుచేసుకుని వచ్చారు. నర్సక్కది ప్రేమ మార్గం. "ఆ పిల్ల కావాలనే మేకను ఇడిశిపెట్టి వచ్చింది. మేకను తోలుకొని వాడు ఇంటికి రావాలె. గప్పుడు పిల్ల బాపు సూస్తడు, కూసోమంటడు, మాట కలుస్తది. గందుకే నవ్వు."

"నువ్వు గిట్లనే చేసినవా అక్కా?" అని అడిగాను.

"నేను గొడుగు ఇడిశిపెట్టిన."

"బావ తెచ్చిచ్చిండా?"

"చెల్లెతోని పంపిండు" అంది నర్సక్క. ఆ చెల్లెలే ఇప్పుడు ఆమెను కాల్చుకుతినే ఆడబిడ్డ అని మాకు తెలుసు కనుక ఇంకేమీ అడగలేదు.

తమ్ముడు వీడియోను ఆపి ఆపి చూసి వచ్చాడు. వాడు చెప్పిందాని ప్రకారం రెండో చరణం దాకా పిల్ల చేతిలో కట్టె ఉంది, మూడో చరణంలో ఫోన్ ఉంది. కాబట్టి మేకను అమ్మి ఫోన్ కొన్నది. "గది కొత్త మోడల్ సార్. ఒక్క మేకకు రాదు. మేక ఇచ్చి మిగిలింది కిస్తీలు పెట్టుకున్నది" అని కూడా చెప్పాడు. నేనేదో ఒకటి అనాలి కదా అని తోడేలు తినుంటుందన్నాను. ముగ్గురూ నా వైపు జాలిగా చూశారు. తోడేలు తింటే పిల్ల ఎందుకు నవ్వుతుందని అడిగారు. ఆ తర్వాత కొన్నాళ్ళు నా అభిప్రాయాన్ని ఎవరూ అడగలేదు.

ఇంటికెళ్ళి మా అత్తమ్మను అడిగాను. ఆమె పుట్టిల్లు చిల్పూర్ వైపు. పెళ్ళయ్యేదాకా మేకలు కాసింది. పాట మొత్తం వినిపించాను. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని శ్రద్ధగా విని, "కోసుకతిన్నరు" అంది.

"మరి నవ్వుడేంది అత్తమ్మా?"

"కడుపునిండ తిన్నోళ్ళు నవ్వరా?"

ఈ మాట రైల్లో చెప్తే సారు బాధపడ్డారు. జీవుడు శత్రువును కోసుకుని తిన్నాడనడం కూడా ఒక రకంగా బాగానే ఉందని కాజీపేట దాటాక తేరుకున్నారు. పక్క వరసల్లోకీ గొడవ పాకింది. జామకాయలమ్మే అవ్వ నర్సక్క వైపు చేరింది. పాసులు చూడడానికి వచ్చిన టీసీ కూడా కాసేపు నిలబడి విని, ఆరో మేకకు టికెట్ లేక మధ్యలో దిగిపోయి ఉంటుందని చెప్పి ముందుకు పోయాడు.

నవ్వులాట కాస్తా ఒకరోజు ముదిరింది. వాదనలో ఓడిపోతున్న చిరాకులో సారు, "కాన్పుల వార్డుల ఉండేటోళ్ళకు వేదాంతం ఎట్ల ఎక్కుతది" అనేశారు. నర్సక్క పల్లీల పొట్లం మడిచి, లేచి, అవతలి కిటికీ దగ్గర కూర్చుంది. వారం పైగా మాటల్లేవు. సారుకు పల్లీలంటే ప్రాణం. నర్సక్క మనసు మంచిది. అందుకని పొట్లం నా చేతికిచ్చి, "గా పెద్దమనిషికి గూడ ఇయ్యి" అనేది. ఆయన తీసుకుని, "బాగున్నయని చెప్పు" అనేవారు. ఇద్దరి మధ్యా రెండు అడుగుల దూరం.

ఆ కోపం పోవడానికి ఒక పెళ్ళి కావలసి వచ్చింది. భూపాలపల్లిలో నర్సక్క పిన్ని కొడుక్కి శనివారం పెళ్ళి, మర్నాడు ఆదివారం దావత్, అంటే విందు. దావత్‌లో పాడడానికి ఆ పాట పాడిన అమ్మాయినే పిలిచారట. నర్సక్క ఈ సంగతి నాకు చెప్తున్నట్టుగా సారుకు వినబడేలా చెప్పింది. "నేనైతె పోయి ఆమెనే అడుగుత. ఎవలికన్న అనుమానాలుంటె ఎంట రావొచ్చు."

సారు కిటికీలోంచి చూస్తూ, "ఆదివారం నాకు పనేం లేదని చెప్పు" అన్నారు.

నలుగురం పోయాం. హనుమకొండలో బస్సు మారి, పరకాల మీదుగా, బొగ్గు లారీల వెనకాల భూపాలపల్లి చేరేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. దారంతా సారు అడగవలసిన ప్రశ్నను సవరిస్తూ వచ్చారు. "అమ్మా, మీ పాటలోని ఆరవ మేక ప్రతీకాత్మకమా" అని మొదలై, చివరికి "ప్రతీక" మాత్రం ఉంచాలా తీసేయాలా అనే దగ్గర ఆగింది.

ఫంక్షన్ హాల్లో పెళ్ళికొడుకునూ పెళ్ళికూతురునూ కూర్చోబెట్టిన వేదిక ఒక వైపు, భోజనాలు మరో వైపు. మేం వేదిక వైపు తిరగనే లేదు. నర్సక్క ఒక పిల్లను పట్టుకుని అడిగితే, "గా అక్కనే, పచ్చ చీర" అని చూపించింది. వీడియోలో కనిపించినంత పొడుగ్గా లేదు ఆ అమ్మాయి. కుర్చీలో వెనక్కి వాలి, మటన్ మూలుగ బొక్కను శ్రద్ధగా చప్పరిస్తోంది. మేం నలుగురం చుట్టూ నిలబడేసరికి భయపడింది.

సారు గొంతు సవరించుకున్నారు. దారి పొడుగునా సిద్ధం చేసుకున్నదంతా మరిచిపోయి, "అమ్మా, ఆరో మేక ఏమైంది?" అన్నారు.

ఆ అమ్మాయి చేతిలోని బొక్క వైపు చూసింది. మా వైపు చూసింది. "గిది గా మేక కాదు సార్" అంది.

తమ్ముడు కుర్చీలు లాక్కొచ్చాడు. కూర్చున్నాం. విషయం చెప్పాం. ఆమె నవ్వింది. వీడియోలో నవ్విన నవ్వే.

"అందరు గిదే అడుగుతరు. మొన్న బ్యాంకుకు పోతె ఆడ గూడ అడిగిండ్రు. పాట మా మామ రాసిండు. కడపటి చరణంల ఉంటది. పాట పొడుగైతె ఎవలు సూడరని వీడియోల తీసేసినం."

"జర పాడు బిడ్డా" అంది నర్సక్క.

ఆమె ఎడమ చెయ్యి కుర్చీ మీద తాళం వేస్తూ, కుడిచెయ్యి విస్తరి మీదే ఉంచి, పిల్లగాని మాటలుగానే మెల్లగా పాడింది.

"తెల్లారంగ దొడ్డికాడ ఏడు మేకలు నిలిచినయ్,
నొసటి మీద తెల్లచుక్క, గది మా పోతు పోలికే."

ముందుగా తేరుకున్నది తమ్ముడు. "ఏడా? ఆరే దొరకకుంటె ఏడెట్లొచ్చినయ్?"

నర్సక్క రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఈనింది. మేక అడివిల ఈనింది. పిల్లను ఏస్కోని పొద్దుగాల ఇంటికొచ్చింది." తర్వాత మెల్లగా, తనలో తాను అన్నట్టు, "రోజంత కాన్పులే చేస్త. నాకెందుకు తట్టలే" అంది.

సారు మొహంలో రంగులు మారుతున్నాయి. ఆయన ఓటమిని ఒప్పుకుంటారేమో అనుకున్నాను. "అంటే," అన్నారు నెమ్మదిగా, "కామం ఈనిందన్నట్టు."

నర్సక్క నవ్వు ఆపుకోలేకపోయింది. సారు కూడా నవ్వారు. అలా వాళ్ళిద్దరికీ మళ్ళీ మాటలు కలిశాయి. కలిసిన నిమిషానికే కొత్త గొడవ మొదలైంది. ఈసారి నర్సక్క వేళ్ళ మీద లెక్క పెట్టి అడిగింది. "మేక అయిదు నెలలు మోస్తది. పిల్లది పిల్లగాని పోతు పోలికె అంటున్నడు. అంటె అయిదు నెలల కిందనే ఈ మందా ఆ మందా కలిసినయి. మరి గీడు నిన్న సంతల సూసిన అంటడేంది?"

పాడిన అమ్మాయి నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. "గీ సంగతి నేనెన్నడు ఆలోచన చెయ్యలే అక్కా."

"అబద్ధం చెప్తున్నడు" అన్నాడు తమ్ముడు. వాడి గొంతులో నిజమైన బాధ ఉంది. ఇన్ని నెలలూ ఆ పిల్లగాణ్ణి నమ్మాడు.

"అబద్ధం సంగతి తర్వాత," అన్నారు సారు. "వీని పోతు, ఆమె మేక. రెండింటికీ ఒక పిల్ల. అప్పుడు ఈ రెండు ఇండ్లోళ్ళు ఏమైతరు? వియ్యంకులైతరు. మేకలు కాసే పిల్ల వీనికి వియ్యపురాలు. ఇగ పెండ్లి ఎట్ల చేసుకుంటడు? వరస కుదరదు."

నేను చాలా రోజుల తర్వాత నోరు విప్పి, మేకల బంధుత్వం మనుషులకు వర్తించదేమో అన్నాను. ఎందుకు వర్తించదో చెప్పమన్నారు. వడ్డించే ఆయన మా దగ్గరే ఆగి, మటన్ బకెట్టు కింద పెట్టి, వరస కలవదన్న సారు మాటే సరైనదన్నాడు. అవతలి బంతి నుంచి పిలుస్తున్నా కదలలేదు. ఆ అమ్మాయి ఫోన్ తీసి వాళ్ళ మామకు చేసింది. ఆయన అంతా విని, "అన్నం తిని పాట పాడి ఇంటికి రా" అని పెట్టేశాడట.

బస్సు వేళైందని పరుగెత్తుకుంటూ వచ్చేశాం. పరకాల దగ్గరికి వచ్చాక నర్సక్క ఫోన్ మోగింది. అవతల వాళ్ళ అమ్మ. ఒంట్లో బాగాలేక పెళ్ళికి రాలేదు. "పెండ్లిపిల్ల ఎట్లున్నదే?" అని అడగడం నాకు వినబడింది. నర్సక్క నోరు తెరిచి మా వైపు చూసింది. ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. పెళ్ళికూతురిని ఎవరమూ చూడలేదు. పెళ్ళికొడుకునూ చూడలేదు. తెచ్చిన చీర నర్సక్క సంచిలోనే ఉంది.

"మంచిగున్నదే అమ్మా," అంది నర్సక్క. "చామనచాయ."

ఆ తర్వాతి వారం ఆ అమ్మాయి తీసేసిన చరణాన్ని కూడా పాడి యూట్యూబ్‌లో పెట్టింది. మేమే అడిగి పాడించాం కనుక మాకు గర్వంగా ఉంది. కింద కామెంట్లు చూస్తే గర్వం దిగిపోయింది. అసలు పాటలో ఇది లేదని, తర్వాత కల్పించి అతికించారని, ఏడు అంటే సప్తర్షులని, ఎవరో భూపాలపల్లికి పోయి పాపం ఆ పిల్లను పరేషాన్ చేసి రాయించారని జనం కొట్టుకుంటున్నారు. సప్తర్షులన్న మనిషికి కింద ఒకరు గ్రాంథికంలో మూడు పేజీల జవాబు రాశారు. ఆ వాక్యాల తీరు మాకు బాగా తెలుసు. మర్నాడు రైల్లో అడిగితే సారు కిటికీలోంచి చూశారు.

కొత్త చరణం మా అత్తమ్మకూ వినిపించాను. ఆమెకు అస్సలు నచ్చలేదు. "ఈనేటి మేకను ఎవలన్న అడివికి తోల్తరా? ఆ పిల్లకు మేకలు కాసుడే రాదు" అంది.

ఎండాకాలంలో సారు రిటైరయ్యారు. చివరి రోజు సాయంత్రం మానుకోట ప్లాట్‌ఫాం మీద మేం ముగ్గురం ఆయన మెడలో పూలదండ వేశాం. జామకాయల అవ్వ రెండు కాయలు చేతిలో పెట్టింది. సారు ఏదైనా మాట్లాడతారని చూస్తే, ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. రైలు వచ్చింది. ఎక్కి కూర్చున్నాక నర్సక్క తన పక్కన కిటికీ దగ్గర సీటు ఆయనకు వదిలి, మా తమ్ముడితో, "ఏదన్న కొత్త పాట పెట్టు, సార్ ఇంటికి పొయ్యేదాంక" అంది.