మల్లెపాదు కింద నల్లరేగడి

పోయినసారి ఎమ్మిగనూరు ప్రయాణం గురించి రాస్తూ, మా అక్క ఇంటి గోడ చీలిందనీ, కట్టిన మేస్త్రీ ఈరన్న సిమెంటు మిగుల్చుకున్నాడనీ రాశాను. చదివినవాళ్ళు నవ్వుకున్నారు. ఆ ఊళ్ళో మాత్రం ఈరన్నను ఇల్లు కట్టమని పిలవడం మానేశారు. ఏదీ విచారించకుండా రాసిన మాట అది. అందుకే మళ్ళీ బయలుదేరాను.

ఉదయం గుంతకల్లులో ప్యాసింజరు ఎక్కాను. ఒడిలో స్టీలు డబ్బా, అందులో అక్క ఇంటి గోడ పక్కన తవ్వించి తెప్పించుకున్న నల్లరేగడి. ఎదుటి సీటులో ఆదోని పత్తి వ్యాపారి.

“ఏందప్పా డబ్బాలో, ధార్వాడ పేడానా?”

“మట్టి. ఆదోనిలో పరీక్ష చేయించాలి.”

“రోగం సూపించుకునేకి పోయేటోళ్ళను సూసినా గానీ, మట్టిని సూపించేకి పోయేటోన్ని ఇప్పుడే సూస్తాండా!”

ఆదోనిలో దిగి, ఉగ్గాని బజ్జీ తిని, మట్టి పరీక్షలు చేసే చోటికి వెళ్ళాను. అక్కడి అమ్మాయి మట్టిని పొడిచేసి జల్లించి, రెండు గాజు గొట్టాల్లో సమంగా పోసింది. ఒకదాంట్లో నీళ్ళు, రెండోదాంట్లో కిరసనాయిలు. “కిరసనాయిలులో ఇది ఉబ్బదు సార్. నీళ్ళల్లో సూడల్ల. రేపు రాండి.”

బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను. పత్తి సీజనులో వెళ్ళేవారు గది ముందే చెప్పుకోవడం మంచిది.

మర్నాడు చూస్తే కిరసనాయిలులో మట్టి అడుగునే ఉంది. నీళ్ళలోది దాదాపు రెండింతలైంది.

“సెరువు కట్ట నడుమ ఏసేకి దీన్ని మించింది లేదు సార్, నీళ్ళు కారనీదు. ఇంటికింద మాత్రం కష్టం. తడిస్తే గోడను ఎత్తుతాది, ఎండితే వదిలేస్తాది. ఒకపక్కనే తడి ఉంటే ఎంత సిమెంటేసినా సీలుతాది. గోడ పక్కన నీళ్ళేమన్నా నిలుస్తాయా?”

మల్లెపాదు గుర్తొచ్చింది. బావ పోయాక అక్క గోడ వారగా పెట్టుకున్నది. రోజూ రెండు పూటలా బిందెతో నీళ్ళు పోస్తుంది.

ఎమ్మిగనూరు బస్సులో గంటసేపు కిటికీలోంచి పొలాలే చూశాను. ఎండిన రేగడి చేయి పట్టేంత నెర్రెలు విచ్చింది.

ముందు ఈరన్న దగ్గరికే వెళ్ళాను. ఎవరింటి మురుగుకాలవకో అతుకులు వేస్తున్నాడు. “ఏంది సామీ, ఈతూరి ఏం రాసేకి వచ్చినావు?”

జరిగింది చెప్పి, తప్పు నాదన్నాను. తాపీ కడిగి పక్కన పెట్టాడు. “నువ్వు రాసింది పోనీలే. మీ అక్క నన్ను తమ్ముడనేది. మల్లా అంటాదా?”

ఇద్దరం అక్క ఇంటికి వెళ్ళాం. అక్క అంతా విని పాదు వైపు చూసింది. “అయితే నా సేతులతోనే నేను గోడ పగలగొట్టుకుంటినా?” అంటూ మొక్క మొదలు పట్టి లాగబోయింది.

ఈరన్న చటుక్కున చేయి అడ్డం పెట్టాడు. “పీకద్దమ్మా! మన్నుతో ఎత్తి దూరంగా పెడతా. గోడ సుట్టూ బేతంచెర్ల బండలు పరిసి, నీళ్ళు బయటికి పోయేట్ల వాలు పెడతా. సెట్టూ ఉంటాది, గోడా ఉంటాది.”

అక్క కళ్ళు తుడుచుకుని ఈరన్న వైపు తిరిగింది. “ముందు రొట్టె తిందువు రా, తమ్ముడూ.”

“ఈ రాసేటాయనకు పెట్టద్దక్కా.”

“వానికి మాడింది పెడతాలే.” నిజంగానే మాడింది పెట్టింది.

సాయంత్రం బస్సులో తిరుగుముఖం పట్టాను. డబ్బాలో ఇప్పుడు మల్లెమొగ్గలు, కింద కాస్త రేగడి వాసన. ఎమ్మిగనూరులో ఇల్లు కట్టుకోదలచినవారు ఈరన్నను అడగండి. కొన్నాళ్ళు ఆగాలి మరి, ప్రస్తుతం వాళ్ళక్క ఇంట్లో పనిలో ఉన్నాడు.