శ్రావణం దాకా షోరూంలోనే

మొన్న శ్రావణ శుక్రవారం ఉదయం వనపర్తి షోరూంలో మా అక్క తన కొత్త కారును ఒక్క కన్నుతోనే చూసింది. బండి మీది ఎర్ర గుడ్డ లాగేసి, మనిషి ఎత్తున్న అట్ట తాళంచెవి ఒకటి ఆమె చేతికిచ్చి నిలబెట్టారు. ఫోటో తీసే ఉద్యోగి ఎడమవైపు నుంచి "అమ్మా, గిటు చూడుండ్రి, జర నవ్వుండ్రి" అంటుంటే, ఆ వైపు ఏమీ కనబడక ఆమె మొహమంతా తిప్పి అతణ్ని వెతుక్కుంది. వాళ్లిచ్చిన మిఠాయి నేను పక్కన పెట్టేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. బావ కూడా కొట్టాడు.

నిజానికి ఆ కారు ఆషాఢం మొదట్లోనే వాళ్లదైపోయింది. గోపాల్‌పేటలో వ్యవసాయం చేసుకునే మా బావ, కారు ఏ కాలంలో కొంటే కలిసొస్తుందని ఏడాది పొడుగునా కనబడిన వాళ్లనల్లా అడిగాడు. విలేకరిగా తల నెరిసినవాణ్ని కనుక నన్ను మరీ విసిగించాడు. డిసెంబరు ఆఖరున మిగిలిన బండ్లను ధర తగ్గించి ఇస్తారనీ, కాకపోతే తిరిగి అమ్మేనాడు దాన్ని ఒక ఏడాది పాతదిగా చూస్తారనీ, దసరాకు పోతే బేరమాడే వీలే ఉండదనీ, ఆషాఢంలో కొనేవాళ్లుండరు కాబట్టి అప్పుడు మంచి ధర దొరుకుతుందనీ నాకు తెలిసింది చెప్పాను.

"ఆషాఢంల కొత్త బండి ఇంటికి తెస్తరా ఎవలన్న? పేపర్ల రాసేటోళ్లకు గివన్ని తెల్వయి బామ్మర్దీ" అని నవ్వాడు.

అందుకు షోరూం వాళ్ల దగ్గర ఉపాయం తయారుగా ఉంది. డబ్బు ఆషాఢంలో కట్టండి, బండి శ్రావణంలో తీసుకుపొండి అన్నారు. ధర శూన్యమాసానిది, ముహూర్తం మంచిమాసానిది. బావకు రెండు చేతులా లాభం కనబడింది.

ఆషాఢం సగంలో అక్క ఎడమ కంటి ముందు నల్లటి చుక్కలు తేలాయి. రెండో రోజుకు ఒక పక్కన తెర దించినట్టయింది. లోపలి పొర ఊడుతోందని, ఆలస్యం చేయకుండా హైదరాబాద్ పొమ్మని వనపర్తి కంటి డాక్టరు చెప్పాడు. కారున్న షోరూం ఆ ఆసుపత్రికి నాలుగు వీధుల అవతలే. కానీ కొత్త బండి తొలి ప్రయాణం దవాఖానకేమిటని బావ ఒప్పుకోలేదు. నాగర్‌కర్నూల్ నుంచి నేను ఫోన్‌లో కోప్పడితే అక్క నన్నే సముదాయించింది. "బస్సుల నాకు తల తిరుగుతది తమ్మీ. కిరాయి బండి ఎందుకు, మన బండే వస్తున్నది గద, జర ఆగుదాం. నువ్వు ఊకె పరేషాన్ గాకు." కన్ను పోతున్నా, తన సొంత కారులో కూర్చుని పోవాలని ఆమెకు ఎంత ఆశ ఉందో ఆ మాటలోనే తెలిసింది. చివరికి నేనే కిరాయి కారు తీసుకుని వెళ్లేసరికి వారం దాటిపోయింది.  హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసిన డాక్టరు ఇన్నాళ్లు ఎక్కడున్నారని అడిగాడు.

నేను పత్రికలో చేరిన కొత్తలో మా పెదనాయన కూడా ఇలాగే బండి కోసం కాలం చూశాడు. అయితే ఆయన చూసింది పల్లికాయ అమ్ముడుపోయే కాలాన్ని, ఆ తర్వాత దారులన్నీ బురదై, నడిపించలేక జీపుల వాళ్లు బండ్లు అమ్ముకునే వానాకాలాన్ని. గద్వాలలో ఒక పాత జీపు చవకగా వచ్చిందని తెలియగానే నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. ఆ రోజు మంగళవారం, పైగా అమావాస్య. అమ్మేవాడే వెనకాడి ఎల్లుండి రమ్మన్నాడు. "అమాస సంగతి జీపుకేం తెలుస్తది? ఇంజను చూపియ్యి, గది చాలు" అన్నాడు పెదనాయన. బీచుపల్లి వంతెన దాటి పెబ్బేరులో చాయ తాగుతుంటే, నొప్పులు పడుతున్న కోడల్ని వీపనగండ్ల వైపు నుంచి ఎడ్లబండిలో తెచ్చిన ఒక ముసలమ్మ బస్సు కోసం నిలబడి కనిపించింది. చేతిలో గ్లాసు అక్కడే పెట్టి ఆయన వాళ్లను వెనక సీట్లో ఎక్కించాడు. ఇంకా కడిగిందీ లేదు, పసుపు కుంకుమలు పెట్టిందీ లేదు. ఆ జీపు మా ఇంటికంటే ముందు వనపర్తి దవాఖాన గుమ్మం చూసింది. పెద్దమ్మ ఆ రాత్రి సీటు కడుగుతూ తిట్టింది, మర్నాడు మాత్రం, పుట్టింది ఆడపిల్లా మగపిల్లాడా అని అడిగింది. ఆ బండికి ఏ కీడూ జరగలేదు. చాలా ఏళ్లు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అర్ధరాత్రి మా తలుపే తట్టేవారు.

ఆ ఇంట్లో పెరిగినవాళ్లమే మేము. అక్క ఆ జీపులోనే అత్తగారింటికి వెళ్లింది. అలాంటి మనిషి, అద్దాల గదిలో దుమ్ము పడకుండా గుడ్డ కప్పి ఉంచిన కారు కోసం, కన్ను మసకబారుతుంటే ఇంట్లో కూర్చుని రోజులు లెక్కపెట్టింది. ముహూర్తాన్ని కూడా తగ్గింపు ధరతో కలిపి అమ్మేవాళ్లను తలచుకుంటే రోత పుడుతుంది. దాన్ని తెలివిగా కొన్నామని మురిసిపోయే మావాళ్లను చూస్తే అంతకంటే రోత. ఆ షోరూంలో అక్క ఫోటో ఇప్పుడు గోడకెక్కింది, నవ్వుతున్న కుటుంబాల వరసలో.

కారు గోపాల్‌పేటలో వాళ్ల ఇంటి ముందుంది. చక్రాల కింద తొక్కించిన నిమ్మకాయలు వాకిట్లో ఎండిపోయాయి. వచ్చే వారం అక్కను మళ్లీ హైదరాబాద్ తీసుకుపోవాలి, ఈసారి ఆ కారులోనే. ఏ రోజు మంచిదని బావ ఎవరినీ అడగలేదు. ఆ కంటికి చూపు వస్తుందో రాదో డాక్టరు ఇంకా చెప్పలేదు.