సాధన పుస్తకం కింద నా సంతకం

ఆరేళ్ళ ముప్పై ఎనిమిది రోజులు. ఇంతకాలం ఒక మాట మోశాను. దాని బరువెంతో కచ్చితంగా చెప్పగలను, ఎందుకంటే నేను లెక్కలు రాసే మనిషిని: పదకొండు వేల నూట ఎనభై మూడు. ఆ అంకె ఏమిటో చెబుతాను. మధ్యాహ్నం నుంచి గుండె, బడి గంట విన్న పిల్లవాడిలా, ఒక్కచోట ఉండడం లేదు. యాభై రెండేళ్ళ వయసులో, చేసిన తప్పు చెప్పుకోవడానికి కూర్చున్నవాడికి ఇంత హుషారు తగునా? తగదేమో. అయినా ఉన్నదాన్ని లేదని రాయను. లేనిదాన్ని ఉందని రాసినందుకే ఇదంతా.

నా ఉద్యోగం బందరులో, కాలువ లాకు దగ్గర. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీటిమట్టం చూసి రిజిస్టరులో రాయాలి. నేను రాసిన అంకెను నమ్మి కింది ఊళ్ళకు నీళ్ళు వదులుతారు. ఇరవై ఏడేళ్ళలో ఒక్క పూట తప్పు రాయలేదు. ఇంట్లోనూ ఒక చిన్న డైరీ ఉంటుంది, పెన్సిలుతో రాసేది. గ్యాస్ బండ మార్చిన తేదీ, వాన పడిన తేదీ, అమ్మ బీపీ, అన్నీ అందులో ఉంటాయి. లెక్క తప్పని మనిషినని నాకు పేరు. ఆ పేరును దయచేసి గుర్తుపెట్టుకోండి.

నలభై ఆరో ఏట ఫిడేలు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. గుడివాడలో ఒక పెద్దాయన ఆదివారాలు పెద్దవాళ్ళకు పాఠం చెప్పేవారు. ఆరుగురం చేరితే చివరికి ఇద్దరం మిగిలాం. రెండోవారు సుభాషిణి గారు. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. అవనిగడ్డలో ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేవారు. ఆదివారం పొద్దున్నే ఇద్దరు పిల్లల్ని అత్తగారికి అప్పగించి, ఫిడేలు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చేవారు. మొదటి రోజు నుంచీ నన్ను ‘అన్నయ్య గారూ’ అనే పిలిచారు.

ఆ ఆదివారాలు ఎంత బాగుండేవో! కమాను కింద తీగ మొదటిసారి కీచుమనకుండా పలికిన రోజు, మాస్టారి అరుగు మీద మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్విన నవ్వు ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. ఆ సంతోషం అబద్ధం కాదు. అందుకే మిగతాది మరింత బాధిస్తుంది.

మాస్టారికి ఒక పద్ధతి ఉండేది. ఇద్దరం సాధన పుస్తకం పెట్టాలి. తేదీ, వాయించిన వరుస, ఎన్నిసార్లు అన్నది రాయాలి. మూడు కాలాలూ, అంటే మూడు వేగాల్లోనూ వాయించడం, పూర్తయితేనే ఒకసారి కింద లెక్క. ఆదివారం రాగానే పుస్తకాలు మార్చుకుని, ఒకరిది ఒకరు చదివి, కింద సంతకం పెట్టాలి. “మీ ఇళ్ళకొచ్చి నేను వినలేను కదా. మీకు మీరే సాక్షులు” అనేవారు. లెక్క తప్పకుండా నేను చింతగింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేసేవాణ్ణి. ఆమె రంగురంగుల గుండీలు వేసేవారు. రోజుకు నలభై అని మాస్టారు చెప్పారు.

మొదటి వారం నేను చేసినవి: తొమ్మిది, పన్నెండు, సున్నా, ఏడు, పద్నాలుగు, పదకొండు. ఇవి పెన్సిలు డైరీలో రాశాను. ఆదివారం రైల్లో, పెడన దాటాక, సాధన పుస్తకం తీసి అవే అంకెలు సిరాతో ఎక్కించబోయాను. చెయ్యి ఆగింది. లెక్క తప్పని మనిషి సున్నా ఎలా చూపిస్తాడు? నలభై ఒకటి అని రాశాను. తర్వాత నలభై మూడు. తర్వాత ముప్పై తొమ్మిది. అన్నీ నలభైలే అయితే అనుమానం వస్తుందని నా ఉద్యోగం నాకు నేర్పింది. ఎగుడుదిగుడుగా ఉన్న అంకెలనే జనం నమ్ముతారు. ఇరవై ఏళ్ళ నిజాయితీ నుంచి నేను ఏరుకున్న విద్య అది. రైలు గుడివాడ చేరేసరికి వారమంతా నిండిపోయింది.

సుభాషిణి గారి పుస్తకంలో నలభై, నలభై, ముప్పై ఆరు అని ఉన్నాయి. ముప్పై ఆరు పక్కన ‘రెండు జాకెట్లు అర్జంటు’ అని రాశారు. నా పుస్తకం చదివి ఆమె కళ్ళు పెద్దవి చేశారు, సంతకం పెట్టారు. మరుసటి వారం ఆమె పుస్తకంలో నలభై ఐదు వచ్చింది. అది చూసి నేను యాభై రాశాను. నా యాభై చూసి ఆమె యాభై చేశారు. గమనించారా? నేను రాశాను. ఆమె చేశారు.

ఇక్కడ నాకే అంతుపట్టని సంగతి ఒకటుంది. అబద్ధం రాసిన ప్రతి రోజూ పెన్సిలు డైరీలో నిజం కూడా రాశాను. ఒక్క రోజూ మానలేదు. ఎందుకు? ఎప్పటికైనా చెబుతాననా? లేక నిజం ఎక్కడో ఒకచోట భద్రంగా ఉంటే నేను ఇంకా నిజాయితీపరుణ్ణే అని నన్ను నేను నమ్మించుకోవడానికా? రెండోదే అనుకుంటాను. మాస్టారు మాత్రం నా వాయింపు విని తల పట్టుకునేవారు. “ఇన్నిసార్లు వాయించే చేతికి ఈ అపస్వరం ఎక్కణ్ణుంచొస్తోందయ్యా!” అనేవారు. ఆయనకు అనుమానం వచ్చిందా? రెండేళ్ళ క్రితం ఆయన పోయారు. ఇక తెలియదు.

డిసెంబర్ పద్నాలుగున ఆమె పుస్తకంలో ఇలా ఉంది: ‘కుడి భుజం నొప్పి. అయినా 85.’ ఆ రోజుకి నా పుస్తకంలో 103. పెన్సిలు డైరీలో ఆరు. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాను. ఆపమని ఒక్క మాట రాస్తే సరిపోయేది. ‘శభాష్’ అని రాసి సంతకం పెట్టాను.

జనవరి ఐదున ఆమె ఫిడేలు లేకుండా వచ్చారు.

“చెయ్యి లేవట్లేదండీ అన్నయ్య గారూ. జడ కూడా మా అత్తగారే వేస్తున్నారు. చిన్నపిల్లలా రెండు జడలేసి పంపిస్తానంటున్నారు.”

“డాక్టరేమన్నారండీ?”

“మూడు నెలలు ఫిడేలూ వద్దు, మిషనూ వద్దన్నారు. పెళ్ళిళ్ళ రోజులు ముందున్నాయి, జాకెట్లన్నీ ఎదురింటావిడ పట్టుకుపోతోంది. పోనివ్వండి, ఆవిడ కుట్టిన చేతులు ఎవరికీ ఎక్కవు, మళ్ళీ నా దగ్గరికే వస్తారు.” నవ్వారు. చెప్పులు వేసుకుంటూ ఆగి, నా కళ్ళలోకి చూశారు. “ఒకటడుగుతాను. మీరు నాకంటే పెద్దవారు. రోజుకి నూరు చేస్తున్నారు. మీకేం కాలేదు, నాకెందుకయిందంటారు? నా ఒంట్లోనే ఏదో లోపముందండీ.”

చెప్పాల్సిన క్షణం అదే. అరుగు మీద మేమిద్దరమే ఉన్నాం.

“ఒంటి తత్వం అండీ,” అన్నాను. “నువ్వులనూనె వెచ్చచేసి రాయండి.”

“రాస్తూనే ఉన్నాను. ఇల్లంతా పచ్చడి జాడీ వాసనే,” అని నవ్వుతూ బస్సుకు వెళ్ళిపోయారు.

మూడు నెలలన్నది పదకొండు నెలలైంది. ఆ చేతికి మూడో కాలం మళ్ళీ రాలేదు. నేను ఆ వేసవిలోనే ఫిడేలు అటక మీద పెట్టేశాను. ఆమె మాత్రం వదల్లేదు. నెమ్మదిగా వాయించేవి చాలు కదా అని పిల్లలకు మొదటి పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు.

పోయిన ఆదివారం ఆమె పిలిస్తే అవనిగడ్డ వెళ్ళాను. మిషను ఒక మూలకు జరిగింది. చాప మీద పద్నాలుగు మంది పిల్లలు, ప్రతి పిల్ల ముందూ గుండీల డబ్బా. గోడ మీద ప్లాస్టిక్ కవరులో ఒక కాగితం: 98, 103, 101, 106. నా చేతిరాత. డిసెంబర్ పేజీని అప్పట్లో ఫోనులో ఫొటో తీసుకున్నారట. పక్కన బోర్డు మీద ‘రోజుకి వంద’ అని ఉంది.

“ఇదిగో, ఆ పేజీ రాసిన మా అన్నయ్య గారు ఈయనే!” అన్నారు ఆమె. పిల్లలందరూ నన్ను చూశారు. ముందు వరుసలోని పిల్ల అడిగింది: “నిజంగా నూట ఆరా తాతగారూ?”

నవ్వి ఊరుకున్నాను.

ఆ పిల్లలూ పుస్తకాలు మార్చుకుంటారు, సంతకాలు పెట్టుకుంటారు. ఆ రోజు గౌరవంగా నన్ను సంతకం పెట్టమని ఒక జంట పుస్తకాలు చేతికిచ్చారు. మొదటిదాంట్లో వారం అంకెలన్నీ ఒకే సిరా, ఒకే వాలు, ఒకే ఊపులో ఉన్నాయి: 71, 74, 69, 78. ఒక్కసారి కూర్చుని నింపినవని నాకు చూడగానే తెలిసింది. నాకు కాకపోతే ఎవరికి తెలుస్తుంది? రెండోదాంట్లో అంకెలు రోజుకో తీరుగా వంకరపోయాయి. చివరి గడిలో ‘70. మెడ లాగుతోంది’ అని ఉంది. పుస్తకాలు రెండు, పిల్లలు ఇద్దరు. నేనూ, ఆమే.

దగ్గరి చూపు అద్దాలు తేలేదని చెప్పి పెన్ను తిరిగి ఇచ్చేశాను. అవి జేబులోనే ఉన్నాయి. ఇది కూడా లెక్కలో వేసుకోండి.

ఆ సాయంత్రమే పాత డైరీ, సాధన పుస్తకం పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. జూన్ మూడు నుంచి డిసెంబర్ ముప్పై ఒకటి దాకా రెండు వందల పన్నెండు రోజులు. కొత్త నోటుబుక్కులో రెండు గళ్ళు గీశాను: చూపించింది, చేసింది. మూడు రోజులు పట్టింది. విచిత్రమేమిటంటే, కూడుతున్నకొద్దీ నాలో ఏదో పొంగడం మొదలైంది. ఆదివారాల అరుగు తర్వాత అలాంటి ఉత్సాహం నేనెరగను. చూపించింది పద్నాలుగు వేల మూడు వందల పది. చేసింది మూడు వేల నూట ఇరవై ఏడు. తేడా పైన చెప్పాను. రోజుకు సగటున అరవై ఏడున్నర అని రాసినవాడు పదిహేను కూడా చేయలేదు. నాలుగుసార్లు కూడాను. నాలుగుసార్లూ సరిగ్గా అదే వచ్చింది. లేచి గదిలో అటూ ఇటూ నడిచాను. తప్పు మొత్తాన్ని ఒక వరుసలో చూడగలగడం ఇంత ఊపిరినిస్తుందా?

ఈ రోజు సెలవు పెట్టి మొదటి బస్సెక్కాను. నోటుబుక్కు పట్టుకుని అవనిగడ్డలో ఆమె ఇంటికి వెళ్ళాను. ఆమె ఒక్కరే ఉన్నారు. నిలబడే చెప్పాను. నోటుబుక్కు చేతికిచ్చాను. ఆమె మిషను ముందు కూర్చుని, గుడ్డ కొలిచేటప్పుడు జరిపినట్టే వేలు గళ్ళ వెంట జరుపుకుంటూ చదివారు. డిసెంబర్ దగ్గర వేలు ఆగింది.

“పద్నాలుగున ఎన్నండీ?”

అంకె ఆమె వేలి కిందే ఉంది. నా నోటితో వినాలనుకున్నారు.

“ఆరు.”

ఆమె లేచి గోడ మీది కవరు ఊడదీసి నోటుబుక్కులో పెట్టారు. తడిగుడ్డతో బోర్డు తుడిచారు. ‘రోజుకి వంద’ పోయింది. దాని చోట ఏమీ రాయలేదు. పై అరలో గ్లాసు తీయబోతే కుడి చెయ్యి భుజం దాకా లేచి ఆగింది. ఎడమ చేత్తో తీసి, మంచినీళ్ళు నా ముందు పెట్టారు.

“బస్సు వస్తుంది. బయల్దేరండి.”

అంతే. ‘అన్నయ్య గారూ’ లేదు. ఈ ఆరేళ్ళలో ఆ మాట లేకుండా ఆమె నాతో మాట్లాడడం ఇదే మొదటిసారి. అది నాకు ఇక దొరకదేమో. అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు. అయినా బస్సు కిటికీలోంచి గాలి ముఖానికి కొడుతుంటే, నా గుండె సిగ్గూ శరమూ లేకుండా ఎగిరింది. క్షమాపణ దొరకని మనిషికి ఈ తేలికదనం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆమె నష్టం అలాగే ఉంది. నా బరువు మాత్రం దిగింది. ఇది న్యాయం కాదని తెలుసు, తెలిసీ ఊపిరి పీలుస్తున్నాను.

ఇంటికి రాగానే అటక మీంచి ఫిడేలు దించాను. ఒక తీగ తెగి ఉంది. మిగిలిన వాటిని శ్రుతి చేసి, చింతగింజల గిన్నెలు ముందు పెట్టుకున్నాను. వేళ్ళు మొద్దుబారాయి, స్వరాలు ఘోరంగా పలికాయి. ప్రతి గింజా రెండో గిన్నెలో పడుతుంటే ఆ చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

తేదీ వేసి రాశాను. సిరాతోనే రాశాను. పెన్సిలు డైరీలో వేరే అంకె లేదు.

ఈ రోజు: పదకొండు.

కింద సాక్షి సంతకానికి అలవాటుగా గీత గీశాను. అది ఖాళీగా ఉంది. మీరు చదివారు, అది చాలు. సంతకం మాత్రం పెట్టకండి. నేను వాయించగా మీరు వినలేదు.