ఆయన తొక్కిపట్టిన బ్లాకు

మా డ్రిల్లు మాస్టారు పోయారు. మూడు వారాల కిందట నరసరావుపేటలో, మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. కబురు నాకు పిడుగురాళ్ల అమ్మాయి చెప్పింది. మేమిద్దరం ఆయన దగ్గరే పరుగు నేర్చుకున్నాం. "అక్కా, మాస్టారు పోయారు. అమ్మ ఇప్పుడే ఫోన్ చేసింది" అంది. అమ్మ అంటే మాస్టారి భార్య. నేను ఆవిడను అమ్మగారూ అంటాను. కన్నీళ్ల కంటే ముందు నాకు తోచింది ఒకటే, ఆవిడ ముందు దానికి ఫోన్ చేసింది, నాకు చేయలేదు. మీరు తిట్టుకున్నా సరే, ఇది దాచి ఆయన గురించి రాయలేను.

ఆయన నూరు మీటర్ల పరుగు నేర్పేవారు. అందులోనూ ఆయనకు మొదటి మూడడుగుల పిచ్చి. "మిగతాదంతా మీ అమ్మానాన్నలిచ్చిన కాళ్లు చూసుకుంటయ్. నేనిచ్చేది ఈ మూడడుగులే" అనేవారు. పొద్దున్నే మెట్ల మీద ఒంటికాలి గంతులు, కప్పగంతులు, ఆ తర్వాత స్టార్టులు. 'సెట్' అని నడుములు లేపించి ఒకసారి వెంటనే చప్పట్లు కొట్టేవారు, ఇంకోసారి మా చేతులు వణికినా కొట్టేవారు కాదు. ఆగలేక ఎవరైనా కదిలితే కోప్పడరు. గోళ్లు చూసుకుంటూ కాసేపు నిలబడి, మళ్లీ మొదటినుంచి చేయించేవారు.

"చప్పుడు కోసం చెవులు రిక్కించుకోని కూచోబాకండి. అది ఎట్టాగూ వస్తది. మీరు కాలు సంగతి చూసుకోండి" అనేవారు. ఈ మాట ఇప్పటికీ నేను మాచర్లలో మా స్కూలు పిల్లలకు పరుగు నేర్పేటప్పుడు చెబుతూ ఉంటాను, ఆయన గొంతుతోనే.

మాది మట్టి గ్రౌండు. కాళ్లు ఆనించుకునే స్టార్టింగ్ బ్లాకు తన్నగానే వెనక్కి జారిపోయేది. అందుకని వెనక ఎవరో ఒకరు దాన్ని తొక్కిపట్టాలి. నా వెనక ఆ పూట ఖాళీగా ఉన్నవాళ్లెవరో ఉండేవారు. పిడుగురాళ్ల అమ్మాయి వెనక ఎప్పుడూ ఆయనే.

ఆమె నాన్న సున్నపురాయి క్వారీలో పనిచేస్తూ పేలుడులో పోయాడు. అప్పటినుంచి చప్పుడు వింటే ఆ పిల్ల ముడుచుకుపోయేది. అందరం ముందుకు దూకితే ఆమె మెడ లోపలికి లాక్కునేది. మాస్టారు ముందు చిటికెలతో మొదలుపెట్టారు. తర్వాత చప్పట్లు, తర్వాత రెండు చెక్కలు, కొన్ని నెలలకు గాని పిస్తోలు పట్టలేదు. "నా బరువు నీ కాలి కింద ఉంది చూడు. ఏది పేలినా ముందు నన్ను దాటుకోనే రావాల" అనేవారు ఆమెతో. పక్క లేనులో ఉండి విన్నాను. ఆ మాట కోసం నాకూ ఏదో ఒక భయం ఉంటే బాగుండునని కోరుకున్నాను. తండ్రి లేని పిల్ల మీద అసూయ పడుతున్నానని తెలుసు. తెలిసే పడ్డాను.

ఒకరోజు అడిగేశాను. "మాస్టారూ, నా బ్లాకు ఒక్కసారన్నా తొక్కరా?"

"నీకెందుకే? నీ స్టార్టు నీకొచ్చు" అన్నారు.

మెచ్చుకున్నారో, వదిలించుకున్నారో అప్పుడు తెలియలేదు. ఎవరి వెనక నిలబడాలో రోజూ నేనే తేల్చుకోవాల్సి వచ్చాక, అది మెచ్చుకోవడమేనని అర్థమైంది. అసూయ మాత్రం పోలేదు.

జిల్లా పోటీల ఫైనల్లో మా ఇద్దరివీ పక్కపక్క లేన్లు. గెలిచినవాళ్లు రాష్ట్ర పోటీలకు వెళ్తారు. 'సెట్' అన్నారు. నడుము లేపాను. మాస్టారు వెనక తాడు అవతల నిలబడి ఉన్నారని తెలుసు. ఎవరిని చూస్తున్నారో తెలుసుకోవాలనిపించి, వంచిన తల వంచినట్టే ఉంచి కాళ్ల సందులోంచి వెనక్కి చూశాను. ఆమెనే చూస్తున్నారు. పిస్తోలు పేలింది. నేను లేచేసరికి ఆమె మూడడుగులూ అయిపోయాయి.

సాయంత్రం చెరకురసం బండి దగ్గర గ్లాసు నా చేతికిచ్చి, "సెట్లో ఉండి నన్ను చూస్తావేందే? నేనేడకి పోతా?" అన్నారు. అంటే నన్నూ చూశారన్నమాట. అది చాలాల్సింది. నేను రసం ఆయన ముందే పారబోసి వచ్చేశాను. ఆయన ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నేనూ తప్పయిందని చెప్పలేదు. ఇక చెప్పడానికి ఆయన లేరు.

మాస్టారికి పిల్లలు లేరు. పాడె లేపే ముందు అమ్మగారు పిడుగురాళ్ల అమ్మాయి చెయ్యి పట్టుకుని, "తలకొరివి ఇది పెడతది. ఆయనే చెప్పాడు" అన్నారు. ఆడపిల్ల పెట్టడం బంధువులకు నచ్చలేదు. ఆ ఆడపిల్ల నేను కాకపోవడం నాకు నచ్చలేదు.

శ్మశానం దాకా నేనూ వెళ్లాను. ఆమె తడిబట్టలతో నీళ్లకుండ భుజాన పెట్టుకుని మూడుసార్లు చితి చుట్టూ తిరిగింది. నిప్పు పెట్టింది. "ఇంక ఎనక్కి చూడబాకమ్మా, నడువు" అన్నాడు కాటికాపరి. ఆమె తల తిప్పకుండా నడిచింది. జనమంతా ఆమె వెనకే కదిలారు. కాటికాపరి కూడా దూరంగా చెట్టు నీడకు పోయాడు. ఆ నియమం కొరివి పెట్టినవాళ్లకు, నాకు లేదు. నేను ఉండిపోయాను. మిట్టమధ్యాహ్నం ఎండలో మంట సరిగా కనిపించలేదు. కట్టెల పైన గాలి మాత్రం వణుకుతోంది. ఆయన దగ్గర నేను తప్ప ఇంకెవరూ లేకపోవడం అన్నేళ్లలో అదే మొదటిసారి.