నోరు తెరవకముందే

సిగ్నల్ వైపు చెయ్యి చాపి రంగు చెప్పాలి, పక్కనున్న అసిస్టెంటు దాన్ని తిరిగి చెప్పాలి, అప్పుడే బండి కదలాలి. నిమ్‌పురా రైల్వే యార్డులో షంటింగ్ ఇంజను నడిపే సిరిల్ ఈ నియమాన్ని ఇంటికీ తెచ్చుకున్నాడు. బజారులో "రొయ్యలు" అని చెయ్యి చాపుతాడు. భార్య దోర్కా "రొయ్యలు" అన్నాకే సంచీ తెరుస్తాడు. మొన్న మెదడు మీద పరిశోధన చేసే శ్రీజ అతని తలకు తీగల టోపీ తొడిగి, రెండు మీటల్లో తోచింది నొక్కమంది. "కుడి" అని ప్రకటించి, ఆమె తిరిగి చెప్పేదాకా సిరిల్ వేలు కదపలేదు.

"మీరు అనుకోకముందే, నొక్కడానికి సన్నాహం నడినెత్తి దగ్గర మొదలైపోయింది, అంకుల్," అంది శ్రీజ, తెరమీద గీతలు చూపించి.

తన తలలో తనకన్నా ముందు డ్యూటీ ఎక్కినవాడెవడో సిరిల్‌కు అంతుపట్టలేదు. పైగా ఆ సాయంత్రంలోగా తేల్చాలి: ప్రమోషన్ మీద మెయిల్ బండ్లెక్కి ఊళ్ళు తిరగడమా, ఇంటిపట్టున యార్డులోనే ఉండడమా. ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి గంభీరంగా చెయ్యి చాపాడు.

"ఉండిపోతావు," అంది దోర్కా, అతను నోరు తెరవకముందే. "ఏటి కొత్తగా ఆలోసిస్తావు? పొద్దున్నే పెరట్లో వంకాయ నారు నాటినావు కదా."

సిరిల్ చెయ్యి దించలేదు. నియమం నియమమే.

"ఉండిపోతాను," అని తిరిగి చెప్పాడు.