సెలూన్ బాబాయి నోరు మూసుకున్న వేళ

మా బాబాయికి సెలూన్ ఉంది. గడ్డం గీస్తూ ఆయన చెప్పే కబుర్లకు గిరాకీలు కుర్చీలోనే గురక పెడతారు. అలాంటి మనిషికి నెల నిండని కూతురి గోళ్లు తీయడానికి కూర్చోగానే ముచ్చెమటలు పట్టాయి.

పాప తన గోళ్లతో తన బుగ్గలే గీరుకుంటోంది. పాలు తాగి నిద్రపోయాక తీయమని నర్సు చెప్పింది.

"మాట్లాడారంటే నిద్ర లేస్తుంది. నోరు మూసుకుని తీయండి," అంది పిన్ని.

నోరు మూయగానే ఆయన చేయి వణికింది. బుద్ధెరిగాక మౌనంగా పని చేసిన పాపాన పోలేదు మరి. చివరికి పాప చెవి దగ్గరకు వంగి, ఎండల గురించీ, పక్క వీధిలో తవ్వి వదిలేసిన రోడ్డు గురించీ గుసగుసగా మొదలుపెట్టాడు. చేయి కుదుటపడింది. పాప కూడా గిరాకీలందరిలాగే నోరు తెరుచుకుని ఇంకా గాఢనిద్రలోకి జారుకుంది.

చేతి గోళ్లన్నీ అయ్యాయి. అలవాటు ఊరుకోదు కదా, పాప మీది తువ్వాలు లాగి ఫట్‌మని దులిపి, భుజం తట్టి అడిగాడు: "చాలా సార్, ఇంకాస్త తగ్గించమంటారా?"

పాప ఉలిక్కిపడి లేచి, ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు అందుకుంది.

"నచ్చలేదట," అంది పిన్ని. "కాళ్ల గోళ్లకి వేరే సెలూన్ చూసుకుంటుందట."