పిక్క మీద చెయ్యి

కిరాణా కొట్ల మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి ఉన్న సరుకును గొప్పగా చెప్పుకోవడం నాకు చిన్నప్పుడే అంటుకున్న జబ్బు. ఆ రోజు ప్యాసింజరు రైల్లో నేను పొగుడుకుంటున్న సరుకు నా ఒళ్లే. ఎదురుగా కూర్చున్న పెద్దాయన మిలటరీ సెలక్షన్లకు కుర్రాళ్లతో పరుగు సాధన చేయిస్తాడట. అది విని, రోజూ నడిచి పొట్ట కరిగించానని చెప్పాను. వానల వల్ల నెల్లాళ్లుగా నడక మానేసినా ఇంకా తగ్గుతూనే ఉన్నానని కూడా గొప్పలు పోయాను. కష్టపడకుండా వస్తున్న లాభం కదా!

ఆయన నవ్వలేదు. వంగి నా పిక్క పట్టుకుని నొక్కి చూశాడు.

“ఏటి బావూ, ఇంత మెత్తగున్నాది? నడిసినోడికి కొవ్వు కరుగుతాది, కండ గట్టిపడతాది. నడక మానేస్తే ఆ కొవ్వు మళ్లీ సేరాల. నీకు సూస్తే కండే పోతన్నాది.”

“వయసు కదా మాస్టారూ!”

“నాకంటే పెద్దోడివేటి?”

నేను బేరంలోకి దిగాను. “పండగ గిరాకీ అయిపోనీండి, డాక్టరుకి చూపించుకుంటాను.”

“నాతో బేరమాడితే ఏటొస్తాది? రేపే ఎల్లు,” అంటూ ఆయన చీపురుపల్లిలో దిగిపోయాడు.

రైలు కదిలింది. ఆయన పట్టుకున్న కాలొక్కటే అలా ఉందేమోనని, ఎవరూ చూడకుండా రెండో పిక్క నొక్కి చూసుకున్నాను. వేళ్లు ఎముక దాకా దిగిపోయాయి.